పీట మీద ఎవరున్నారు? మాక్‌బెత్ విందు సీనును మూడు సినిమాల్లో పోల్చి చూడటం ఎలా

బంతి వేశారు. చుట్టాలు, సర్దారులు అందరూ కూర్చున్నారు. ఇంటి యజమాని తన పీట దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. "ఇక్కడ చోటు లేదు కదా" అన్నాడు. "మీ కోసమే ఉంచాం, కూర్చోండి" అన్నారు పక్కవాళ్లు. ఆయనకు మాత్రం ఆ పీట మీద, కాసేపటి కిందట తానే చంపించిన స్నేహితుడు నెత్తురు కారుతూ కనబడుతున్నాడు.

షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకంలో మూడో అంకం నాలుగో రంగం ఇది. ఆ ఇంటి యజమానే మాక్‌బెత్, చంపించిన స్నేహితుడు బాంకో. ఒకే సీనును వేర్వేరు సినిమాల్లో పోల్చడం నేర్చుకోవాలంటే మొదట దీన్నే పట్టుకోండి. ఈ సీను తీసే ఏ దర్శకుడైనా ఒక ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు: బాంకో దయ్యాన్ని ప్రేక్షకులకు చూపించాలా, వద్దా? చూపిస్తే మనం మాక్‌బెత్ కళ్లతో చూస్తున్నట్టు. చూపించకపోతే బంతిలోని చుట్టాల పక్కన కూర్చున్నట్టు. నటన బాగుందా, సెట్టింగ్ బాగుందా అన్నవి తర్వాతి మాటలు. హనుమకొండలో డిగ్రీ, పీజీ చదివేవాళ్లు సెమినార్ కాయితం రాసినా, నలుగురు స్నేహితులు కలిసి ఒక గదిలో సినిమా చూసి మాట్లాడుకున్నా కింది పద్ధతి పనికొస్తుంది. ఒక్కరే చేస్తే మూడు సాయంత్రాలు పడుతుంది.

మొదట నాటకం, తర్వాతే సినిమా

సినిమా ముందు చూసి నాటకం తర్వాత చదివితే, చదివే ప్రతి మాటా ఆ నటుడి గొంతులోనే వినబడుతుంది. అందుకే ముందు రంగం చదవండి. సుమారు 140 పంక్తులే, పైకి చదివితే పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంగ్లిష్ మూలాన్ని, తెలుగు అనువాదాన్ని పక్కపక్కన పెట్టుకోండి. అనువాదం ఒక్కటే చదివితే, అనువాదకుడు వదిలేసిన పంక్తిని సినిమా వాళ్లు చేర్చారని పొరబడే ప్రమాదం ఉంది.

చదువుతూ సీనును ఘట్టాలుగా విడగొట్టండి. ఇందులో పదమూడు వస్తాయి: అతిథులను కూర్చోబెట్టడం, తలుపు దగ్గరికి హంతకుడు వచ్చి బాంకో చచ్చాడని, కొడుకు ఫ్లీన్స్ తప్పించుకున్నాడని చెప్పడం, అతిథులను పట్టించుకొమ్మని భార్య గుర్తుచేయడం, దయ్యం వచ్చి కూర్చోవడం, మాక్‌బెత్ దాన్ని చూసి "మీలో ఎవరు చేశారిది?" అని అరవడం, చిన్నప్పటి నుంచి ఆయనకు ఈ జబ్బు ఉందని భార్య అతిథులకు సర్దిచెప్పడం, చాటుగా మొగుణ్ని "నువ్వు మగాడివేనా" అని నిలదీయడం, దయ్యం మాయం కావడం, అతను తేరుకోవడం, బాంకో పేరు మీదే మళ్లీ తాగడానికి గిన్నె ఎత్తడం, దయ్యం తిరిగి రావడం, వరసలు చూడకుండా వెళ్లిపొమ్మని అతిథులను పంపేయడం, చివరికి మొగుడూ పెళ్లాం ఇద్దరే మిగలడం. వీటికి అంకెలు వేసి ఒక కాయితం మీద నిలువుగా రాసుకోండి. చివరిదాకా మీకు కొలబద్ద ఇదే.

ఈ దశలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ నాటకం షేక్‌స్పియర్ బతికున్నప్పుడు అచ్చు కాలేదు. ఆయన 1616లో పోయాడు, నాటకం 1623 నాటి ఫోలియో అనే ఆయన నాటకాల సంపుటంలో మొదటిసారి అచ్చయింది. అందులో "బాంకో దయ్యం ప్రవేశించి మాక్‌బెత్ చోటులో కూర్చుంటుంది" అన్న రంగసూచన, మాక్‌బెత్ దాన్ని గమనించడానికి కొన్ని పంక్తుల ముందే ఉంది. అంటే మొదట చూసేది ప్రేక్షకులు. అతను ఇంకా నవ్వుతూ, బాంకో రాలేదే అని నొచ్చుకుంటూ ఉంటాడు, మనకేమో వెనక పీట నిండిపోయింది. కొందరు సంపాదకులు ఈ సూచనను కిందికి జరిపారు. మీ పుస్తకంలో అది ఏ పంక్తి దగ్గర ఉందో చూసి గీత పెట్టుకోండి. 1611లో ఈ నాటకాన్ని లండన్ గ్లోబ్ రంగశాలలో చూసిన సైమన్ ఫార్మన్ అనే ఆయన తన నోట్సులో ఈ సీను గురించి రాసుకున్నాడు: మాక్‌బెత్ బాంకో పేరు మీద తాగడానికి లేచినప్పుడు దయ్యం వచ్చి అతని వెనకున్న కుర్చీలో కూర్చుందని. అంటే ఆనాటి వేదిక మీద నటుడు నిజంగానే వచ్చి కూర్చున్నాడు.

ఇంకొకటి. ఈ రంగంలో పాత్రలెవరూ "దయ్యం" అన్న మాట వాడరు. ఆ మాట రంగసూచనలోనే ఉంది. మాక్‌బెత్ దాన్ని నీడ అంటాడు, ఉత్తి వెక్కిరింత అంటాడు. చచ్చినవాళ్లు లేచొచ్చి మన పీటల మీంచి మనల్నే నెట్టేస్తున్నారని వాపోతాడు. రాజును చంపి గద్దె ఎక్కినవాడికి తన విందులోనే కూర్చునే చోటు లేకుండా పోయింది. అందుకే పోలికకు పీటను పట్టుకోమంటున్నాం.

ఏ సినిమాలు, ఎన్ని?

మూడు చాలు. ఐదారు పెట్టుకుంటే ఒక్కోదాని గురించి రెండేసి వాక్యాలు రాసి వదిలేస్తారు. ఒకదానికొకటి విరుద్ధంగా నిర్ణయం తీసుకున్నవి ఎంచుకోండి.

దయ్యాన్ని చూపనిది: ట్రెవర్ నన్ వేదిక మీద చేయించిన నాటకానికి 1979 టెలివిజన్ రూపం. ఇయాన్ మెకెల్లెన్, జూడీ డెంచ్ నటించారు. చూపించేది: అకిరా కురొసావా 1957లో తీసిన జపాన్ సినిమా, ఇంగ్లిష్ పేరు థ్రోన్ ఆఫ్ బ్లడ్. జపాన్ పేరుకు అర్థం సాలెగూడు కోట. విందునే తీసేసింది: విశాల్ భరద్వాజ్ 2003 నాటి మక్బూల్. ఇర్ఫాన్ ఖాన్, మన హైదరాబాద్‌లో పుట్టిన టబు ముఖ్య పాత్రలు.

నాలుగోది కావాలంటే ఆర్సన్ వెల్స్ 1948 సినిమా తీసుకోండి. అయితే దాన్ని తర్వాత కుదించి విడుదల చేశారు. గంటన్నర లోపు నిడివి ఉంటే అది కుదించిన ప్రతి, 107 నిమిషాల దగ్గర ఉంటే పునరుద్ధరించింది. పొట్టి ప్రతి చూసి "వెల్స్ ఈ మాటలు తీసేశాడు" అని రాస్తే తప్పవుతుంది. ఏ సినిమాకైనా మీరు చూసిన ప్రతి మొత్తం నిడివి ఎంతో కాయితం పైన రాసి పెట్టండి.

మూడుసార్లు చూడటం

మొదటిసారి సీనును ఆపకుండా చూడండి. అంతకు ముందు పది నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు కలిపి చూడాలి. సీను ముక్క ఒక్కటే చూస్తే హత్య ఎప్పుడు జరిగింది, ఆ కబురు ఎవరికి ఎప్పుడు తెలిసింది అన్నది జారిపోతుంది. ఈ సీనులో కీలకమే అది.

రెండోసారి చప్పుడు పూర్తిగా తీసేసి చూడండి. సబ్‌టైటిళ్లు కూడా ఆపేయాలి. మాట వినబడనప్పుడు కళ్లు ఎటు తిరుగుతున్నాయో తెలుస్తుంది. ఎవరు ఎవరిని చూస్తున్నారు, ఎవరు తలదించుకున్నారు, ఎవరు లేచి నిలబడ్డారు అన్నవి మాత్రమే రాయండి.

మూడోసారి తెర కనబడకుండా చప్పుడు ఒక్కటే వినండి. ఎక్కడ నిశ్శబ్దం ఉందో గుర్తుపెట్టండి.

చప్పుడు లేకుండా చూపులు చదవడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ చూసినవాళ్లకు ఇది తొందరగా పట్టుబడుతుంది. కథకుడు ఖాళీ చోటు వైపు తిరిగి ఒక పాత్రతో మాట్లాడతాడు. అక్కడ ఎవరూ లేకపోయినా, ఆయన చూపు ఎంత ఎత్తులో నిలిచిందో దాన్నిబట్టి పాత్ర కూర్చుందో నిలబడిందో మనకు తెలిసిపోతుంది. మెకెల్లెన్ ఖాళీ పీట ముందు చేసిందీ ఇదే కష్టమైన పని. ఆయన చూపు ఏ ఎత్తులో ఆగిందో చూడండి, పీట మీద ఉన్నవాడి తల అక్కడ ఉంటుంది.

షాట్ల పట్టిక

ఇప్పుడు గీతల కాయితం అడ్డంగా పెట్టి ఐదు నిలువు వరసలు గీయండి: సమయం, షాటులో ఎవరున్నారు, చూపు ఎటు, పీట కనబడుతోందా, మాట లేదా చప్పుడు. షాటు అంటే కెమెరా ఆపకుండా తీసిన ఒక ముక్క, కట్ అంటే ఒక షాటు అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోటు. ప్రతి కట్‌కు ఒక అడ్డ వరస. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆపి, కీబోర్డు మీద ఇ (E) అక్షరం కీ నొక్కితే ఒక్కో ఫ్రేము, అంటే ఒక్కో బొమ్మ, ముందుకు జరుగుతుంది. కట్ ఎక్కడ పడిందో ఇలా కచ్చితంగా పట్టుకోవచ్చు. ఫోన్‌లో ఈ పని చేయకండి. చిన్న తెర మీద వెనక వరసలో కూర్చున్న అతిథుల ముఖాలు కనబడవు, ఈ సీనులో సగం సంగతి వాళ్ల ముఖాల్లోనే ఉంది.

నిడివి పోల్చేటప్పుడు ఒక మోసం ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. పాల్ (PAL) అనే టీవీ పద్ధతికి చేసిన డీవీడీల్లో దాన్ని 25 ఫ్రేముల వేగంతో నడిపిస్తారు, కాబట్టి గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. ఐదు నిమిషాల సీను 12 సెకన్లు తగ్గుతుంది. ఒక సినిమాను డీవీడీలో, ఇంకోదాన్ని ఆన్‌లైన్‌లో చూసి "ఇది 12 సెకన్లు చిన్నది, అందుకే వేగంగా ఉంది" అని రాస్తే పునాదే తప్పు.

సగటు షాటు నిడివి లెక్కించడం తేలిక. సీను 320 సెకన్లు, షాట్లు 40 అనుకుంటే సగటు 8 సెకన్లు. కానీ ఆ నలభైలో ఒక్కటే 90 సెకన్ల షాటు అనుకోండి. మిగతా 39 షాట్లకు 230 సెకన్లే మిగులుతాయి, అంటే ఒక్కోదానికి ఆరు సెకన్ల లోపే. సగటు రాసిన చోట అన్నిటికన్నా పొడవైన షాటు ఎంతో కూడా రాయండి. ఆ పొడవైన షాటు మీ పదమూడు ఘట్టాల్లో దేని మీద పడిందన్నది సగటు కన్నా చాలా విలువైన సంగతి.

పీటను అడగాల్సిన ప్రశ్నలు

పట్టిక పూర్తయ్యాక ప్రతి సినిమాకూ ఇవే ప్రశ్నలు వేయండి. ఖాళీ చోటు ఎవరిది? అది ఖాళీ అని మనకు ఎప్పుడు తెలిసింది? నిండిందని ఎవరికి ముందు తెలిసింది? చావు కబురు దానికి ముందా, తర్వాతా? భార్య ఏం సాకు చెప్పింది?

నాటకంలో ఆ చోటు మాక్‌బెత్‌దే. రెండు వైపులా సమానంగా ఉన్నారు, నేను నడుమ కూర్చుంటానని మొదట్లోనే అంటాడు. భార్య మాత్రం తన గద్దె మీద విడిగా ఉంటుంది. అంటే అతను కావాలనే అందరిలో కలిసిపోయే చోటు ఎంచుకున్నాడు, దయ్యం వచ్చి అదే చోటు తీసుకుంది.

కురొసావా దీన్ని మార్చాడు. ఇక్కడ ఖాళీ చోటు రాజుది కాదు, రాని అతిథిది. బాంకోకు సమానమైన మికి కోసం, అతని కొడుకు కోసం ఉంచిన చోట్లు ఖాళీగా ఉంటాయి, ఎందుకు రాలేదని బంతిలో మాట వస్తుంది. మనం మొదటి నుంచీ ఆ ఖాళీని చూస్తూనే ఉంటాం. తర్వాత అక్కడ మికి పాలిపోయి కూర్చుని కనబడతాడు. తొషిరో మిఫునే చేసిన వషిజు, అంటే ఇక్కడి మాక్‌బెత్, కత్తి దూసి ఆ చోటు మీదికి వెళ్తాడు. ఇక్కడ కెమెరా ఎటు జరిగింది, ఎప్పుడు వెనక్కి వచ్చింది, తిరిగొచ్చేసరికి ఆ చోటులో ఎవరున్నారు అన్నది ఫ్రేము ఫ్రేము చూసి రాసుకోండి. మీ పట్టికలో అన్నిటికన్నా విలువైన వరస అదే అవుతుంది.

అంతకన్నా పెద్ద మార్పు వరస క్రమంలో ఉంది. నాటకంలో రెండో ఘట్టంలోనే హంతకుడు వచ్చి పని అయిపోయిందని చెబుతాడు. కాబట్టి మాక్‌బెత్ దయ్యాన్ని చూసేసరికి బాంకో చచ్చాడని అతనికి తెలుసు. కురొసావా సినిమాలో హంతకుడు విందు చెడిపోయి అతిథులు వెళ్లాక వస్తాడు, మికి తలను మూటగట్టి తెస్తాడు, కొడుకు తప్పించుకున్నాడని చెబుతాడు. అంటే చావు కబురు అందక ముందే చచ్చినవాడు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. మీ పదమూడు అంకెలను ఈ సినిమా వరసలో మళ్లీ రాయండి, రెండో అంకె ఎక్కడికి జారిందో కాయితం మీదే కనబడుతుంది. ఘట్టాలకు ముందుగా అంకెలు వేయమన్నది ఇందుకే.

భార్య చెప్పే సాకు చూడండి. నాటకంలో ఆమె జబ్బు అంటుంది. కురొసావా సినిమాలో వషిజు భార్య అసాజి తాగిన మైకం మీదికి నెట్టేస్తుంది. తాగాడు అన్నాక అతిథులకు ఇక అడగడానికి ఏమీ మిగలదు. జబ్బు అంటే మాత్రం ఇలాంటివాడు రాజ్యం ఎలా ఏలతాడన్న అనుమానం మిగులుతుంది. ఒక్క సాకు మారితే విందు తర్వాత సర్దారుల మనసులో ఏముంటుందో మారిపోయింది. అసాజి ముఖం కదలకపోవడం, అడుగు నేలకు రాసుకుంటూ వేయడం జపాన్‌లోని "నో" అనే పాత నాటక పద్ధతి నుంచి వచ్చినవి. వాటిని "నటన చప్పగా ఉంది" అని కొట్టేయకండి. చిందు యక్షగానం కట్టు, అడుగు తెలియనివాడు దాన్ని అతి అన్నట్టే ఉంటుంది ఆ మాట.

నన్ రూపంలో దయ్యం లేదు. ఖాళీ పీట, మెకెల్లెన్ ముఖం, అంతే. మొగుడు పిచ్చివాడిలా కనబడుతుంటే అతిథుల ముందు పరువు కాపాడుకోవాల్సిన భార్య వైపే మన మనసు ఎక్కువగా పోతుంది. నాటకంలో ఆమె అన్న "మీరు చూస్తున్నది ఒట్టి పీటనే" అన్న మాట ఈ రూపంలో అక్షరాలా నిజం. కురొసావా సినిమాలో అలాంటి మాట అంటే మన కళ్లే దాన్ని కాదంటాయి. కాబట్టి "నన్‌కు ఖర్చు పెట్టే స్తోమత లేక దయ్యాన్ని చూపలేదు" లాంటి ఊహలు రాయకండి. ఒక నటుడికి నెత్తురు పూసి కూర్చోబెట్టడం ఏ నాటక సమాజానికైనా తేలికే.

మక్బూల్‌లో విందు లేదని సీను లేదనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ముంబయి మాఫియా ఇంట్లో కథ నడుస్తుంది. బాంకో స్థానంలో ఉన్న కాకా శవం ఇంటికి వస్తుంది, చుట్టూ జనం ఉంటారు, ఆ శవం తనను చూస్తోందని మక్బూల్ జడుసుకుంటాడు. జనం ముందు ఒక్కడికే ఏదో కనబడటం అన్న మూల సూత్రం అలాగే ఉంది. ఇక్కడ పీట లేదు, పాడె ఉంది. నాటకంలో రాకూడని అతిథి వస్తాడు. ఇక్కడ వచ్చిన శవం రావాల్సిందే, ఏ ఇంట్లోనైనా వచ్చేదే. తప్పు చేసినవాడికి మాత్రం ఆ మామూలు సంగతే భరించరానిదయింది. మీ పదమూడు ఘట్టాల్లో ఇందులో ఏవి మిగిలాయో టిక్కు పెట్టండి. మిగలనివాటిలో ఏదైనా సినిమాలో ఇంకోచోటికి వెళ్లిందేమో వెతకండి, దొరికితే సమయం రాసుకోండి.

మాటల సంగతి

కురొసావా సినిమాలో షేక్‌స్పియర్ పంక్తులు లేవు. అదంతా కొత్తగా రాసిన జపాన్ సంభాషణ. సబ్‌టైటిల్‌లో ఇంగ్లిష్ నాటకపు మాట వినిపించినట్టుంటే అది అనువాదకుడి చేతి పని కావచ్చు. ఈ సినిమాకు ఇద్దరు వేర్వేరుగా చేసిన ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఉన్నాయి, రెండూ ఒకేలా ఉండవు. కాబట్టి జపాన్ రాని మనం ఈ సినిమాలో మాటల మీద వాదం కట్టకూడదు. చూపు, చోటు, క్రమం, చప్పుడు, వీటి మీదే కట్టాలి.

మక్బూల్ సంగతి వేరు. వరంగల్, కరీంనగర్ వైపు పెరిగినవాళ్లకు ఉర్దూ చెవికి అలవాటే. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఆపేసి వినండి. తూ, తుమ్, ఆప్ ఎక్కడెక్కడ మారుతున్నాయో గుర్తించండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో మూడూ ఒకే మాట అయిపోతాయి. నాటకంలోనూ ఇలాంటిది ఉంది: మాక్‌బెత్ అతిథులను "మీరు" అంటాడు, దయ్యాన్ని "నువ్వు" అంటాడు. "నేను చేశానని నువ్వు అనలేవు, ఆ నెత్తుటి జుట్టు నా వైపు ఊపకు" అన్న మాట అతిథుల చెవిన పడగానే, వాళ్లలో ఒకరినే ఇంత చనువుగా, కోపంగా తిడుతున్నాడా అన్న గాబరా పుడుతుంది. తెలుగు అనువాదంలో ఈ తేడా నిలిచిందో లేదో చూడండి. మన భాషలో దీన్ని నిలబెట్టడం తేలిక, అయినా అనువాదకులు ఒక్కోసారి మర్చిపోతారు.

రాయడం

ఒక్కో సినిమాకు ఒక్కో పేరా రాస్తే అది పోలిక కాదు, మూడు సారాంశాలు. ప్రశ్నకో పేరా రాయండి, ప్రతి పేరాలో మూడు సినిమాలూ రావాలి. "చావు కబురు ఎప్పుడు?" అన్నది ఒక పేరా. "సాకు ఏమిటి?" ఒక పేరా. అన్నిటికన్నా పొడవు "ముందు ఎవరికి కనబడింది?" అన్నదానికి ఇవ్వండి. ప్రతి వాదానికీ గంట, నిమిషం, సెకను రాయండి. "భయంకరంగా ఉంది" అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆపి, ఏ షాటు, ఎన్ని సెకన్లు, ఏ చప్పుడు అని అడిగి ఆ వివరం రాయండి. అది రాశాక ఆ విశేషణం చాలాసార్లు అక్కర్లేకుండా పోతుంది.

"మూలానికి న్యాయం చేసిందా?" అన్న ప్రశ్నను ముందుకు తేకండి. ఏ మూలం? 1623 పుస్తకంలోని రంగసూచనా, ఫార్మన్ చూసిన ప్రదర్శనా, ఇప్పటి సంపాదకులు సర్దిన పాఠమా? మీరు ఏది కొలబద్దగా పెట్టుకున్నారో మొదటి పేరాలోనే చెప్పండి.

నలుగురు కలిసి చూస్తే

గదిలో ప్రొజెక్టర్ పెట్టి చూసేటప్పుడు రెండు గంటలు సరిపోతాయి. మొదటి పావుగంట నాటక రంగాన్ని పాత్రలు పంచుకుని పైకి చదవండి. దయ్యం పాత్ర తీసుకున్నవాళ్లు మాట్లాడకుండా వచ్చి మాక్‌బెత్ కుర్చీలో కూర్చోవాలి, ఏ పంక్తి దగ్గర కూర్చోవాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఆ ఒక్క పనితోనే గది రెండుగా చీలి వాదన మొదలవుతుంది. తర్వాత ఒక్కో సినిమాకు 25 నిమిషాలు: చప్పుడు లేకుండా ఒకసారి, చప్పుడుతో ఒకసారి. ప్రతి వరస కుర్చీలకు ఒక్కో పని అప్పగించండి. ఒక వరస భార్యనే చూడాలి, ఒక వరస అతిథులను, ఒక వరస ఖాళీ చోటును. చివరి అరగంట మాటలకు.

సినిమా పేరు, ఏడాది, దర్శకుడి వివరాలు చూసే ముందు చెప్పకండి, మూడూ అయ్యాక చెప్పండి. ముందే చెబితే పెద్ద పేరున్నదాని వైపు గది మొగ్గుతుంది. మక్బూల్‌ను మూడోదిగా పెట్టండి. చెవికి తెలిసిన భాష ముందు వస్తే తర్వాత వచ్చే జపాన్ సినిమా మీద ధ్యాస నిలవదు. ఇంకా సమయం మిగిలితే జోయెల్ కోయెన్ 2021లో నలుపు తెలుపుల్లో తీసిన ది ట్రాజెడీ ఆఫ్ మాక్‌బెత్‌లో ఇదే సీనును చప్పుడు లేకుండా వేసి, ఐదు వరసల పట్టికను అందరూ కలిసి బోర్డు మీద నింపండి.